పాఠకుల ప్రశ్నలు: ప్లానార్ ట్వీటర్‌ను పాడుచేయకుండా కొలవడం ఎలా?

పల్చని పొరతోనో, రేకుతోనో పనిచేసే ట్వీటర్ల (స్పీకరులో పైస్వరాలను పలికించే భాగాల) గురించి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇంట్లో స్పీకర్లు సొంతంగా కట్టుకోవడం నాకు అలవాటు. ఈమధ్య ఒక జత ప్లానార్ ట్వీటర్లు కొన్నాను. ఒక్కొక్కటి 4 ఓములు. 3 కిలోహెర్ట్జ్‌కు పైన మాత్రమే వాడమని తయారీదారు కాగితంలో ఉంది. ల్యాప్‌టాప్, కొలతలకు పనికివచ్చే మైక్రోఫోను, చిన్న యాంప్లిఫయరు నా దగ్గర ఉన్నాయి. ఇలాంటి ట్వీటరే మా మిత్రుడొకరు కొలవబోతే మొదటిసారికే చిటపటమని ఆగిపోయిందట. దాన్ని చూశాక నాకు తీగ తగిలించడానికే భయంగా ఉంది. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌ను, అంటే ఏ స్వరాన్ని ఎంత బిగ్గరగా పలుకుతుందో దాన్ని, క్షేమంగా కొలిచే పద్ధతి చెప్పగలరా? — ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ మిత్రుడి ట్వీటరు సరిగ్గా ఏ క్షణంలో పోయిందో మీరు రాయలేదు గాని, స్వీప్‌లోని (కింది స్వరం నుంచి పైస్వరం దాకా ఎక్కుతూ పోయే కొలత ధ్వనిలోని) సన్నని స్వరాలు దాన్ని చంపి ఉంటాయని నేను అనుకోను. ఇలాంటి ట్వీటర్లు చాలావరకు అసలు కొలత మొదలుకాకముందే, తీగలు తగిలించేటప్పుడో, యాంప్లిఫయరు ఆన్ చేసేటప్పుడో, లేదా స్వీప్ అట్టడుగున మొదలైన తొలి క్షణంలోనో పోతాయి. కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. మామూలు డోమ్ ట్వీటర్‌లో తీగచుట్ట అయస్కాంతపు సందులో కొంత దూరం వెనకకూ ముందుకూ ఆడగలదు. ప్లానార్‌లో మాత్రం, మన తలవెంట్రుక కన్నా పల్చగా ఉండే ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం దారులు అంటించి, ఆ పొరను అయస్కాంతపు కడ్డీలకు అతి దగ్గరగా బిగదీసి ఉంచుతారు. ఒకే వోల్టేజి ఇస్తూ పౌనఃపున్యాన్ని (ఫ్రీక్వెన్సీని) సగం చేస్తే పొర కదలిక సుమారు నాలుగింతలవుతుంది. 4 కిలోహెర్ట్జ్ నుంచి 1 కిలోహెర్ట్జ్‌కు దిగితే పదహారింతలు. పొర తాలూకు అనునాదం (పొర తనంతట తానే ఎక్కువగా ఊగే పౌనఃపున్యం) వచ్చేదాకా ఈ పెరుగుదల ఇలాగే సాగుతుంది. ఆలోగానే పొర అయస్కాంతాన్ని కొట్టుకోవచ్చు, సాగిపోవచ్చు, అల్యూమినియం దారి ఎక్కడో ఒకచోట తెగిపోవచ్చు. ఆ దారికి బరువు లేదు కనుక వేడిని దాచుకునే శక్తి కూడా లేదు. రాగి తీగచుట్ట సెకనుపాటు ఓర్చుకునే కరెంటును అది ఓర్చుకోలేదు.

కాబట్టి మొదటి పని ట్వీటరు ధన టెర్మినల్‌కు వెళ్లే తీగలో ఒక కెపాసిటరు పెట్టడం. ఏ విలువ పెట్టాలన్నదానికి లెక్క తేలికే: 1,59,000ను ఓములతోనూ మైక్రోఫారడ్లతోనూ భాగిస్తే, ఆ కెపాసిటరు ఏ పౌనఃపున్యం దగ్గర 3 డెసిబెల్స్ తగ్గిస్తుందో హెర్ట్జ్‌లలో వస్తుంది. మీ 4 ఓముల ట్వీటరుకు 36 మైక్రోఫారడ్లు పెడితే ఆ హద్దు సుమారు 1,100 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. దీనివల్ల ఒరిగేదేమిటో చూడండి. ఎక్కడో ఎర్త్ సరిగా తగలక యాంప్లిఫయరు 10 వోల్టుల 50 హెర్ట్జ్ హమ్‌ను (కరెంటు గుంయ్‌మనే రొదను) బయటికి తోసిందనుకుందాం. కెపాసిటరు లేకపోతే ట్వీటర్‌లో రెండున్నర ఆంపియర్లు, అంటే 25 వాట్లు, పారతాయి. కెపాసిటరు ఉంటే ట్వీటరు చివరల మధ్య మిగిలేది అర వోల్టు కన్నా తక్కువ. డీసీ అయితే బొత్తిగా దాటదు.

36 మైక్రోఫారడ్ల మంచి కెపాసిటరు కోసం హైదరాబాదు నుంచో, కలకత్తా నుంచో ఆడియో సరుకు తెప్పించుకోనక్కరలేదు. సబ్‌మెర్సిబుల్ పంపుల పెట్టెల్లో వాడే 440 వోల్టుల రన్ కెపాసిటర్లు పాలీప్రొపిలీన్ పొరతో చేసినవే, మోటారు రిపేరు చేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఫ్యాను కెపాసిటర్లను కూడా సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపి కావలసిన విలువ తెచ్చుకోవచ్చు. అయితే అదే పెట్టెలో ఉండే నల్లని స్టార్ట్ కెపాసిటరును మాత్రం తేవద్దు. అది ఎలెక్ట్రోలైటిక్ రకం, దాని విలువ మీద భరోసా ఉండదు. పాత మోటారు నుంచి తీసిన కెపాసిటరైతే ముట్టుకునే ముందు ఒక రెసిస్టరు ద్వారా దానిలోని చార్జిని ఖాళీ చేయండి.

రెండో పని స్వీప్ హద్దులు. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా అని సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలను అలాగే వదిలేయడం చాలామందికి అలవాటు. 3 కిలోహెర్ట్జ్ పైన వాడే ట్వీటరు 20 హెర్ట్జ్ దగ్గర ఎలా పలుకుతుందో తెలుసుకుని మనం చేసేదేమీ లేదు. మొదటిసారి 2 కిలోహెర్ట్జ్ నుంచి ఆరంభించండి. అంతా సవ్యంగా ఉంటే 1,500కు దింపండి. అంతకన్నా దిగువకు దిగితే క్రాసోవరు (ఏ స్వరాలు ఏ స్పీకరుకు వెళ్లాలో విడదీసే సర్క్యూటు) రూపకల్పనకు కొత్తగా తెలిసేది స్వల్పం. కొన్ని సాఫ్ట్‌వేర్లు మనం అడిగిన హద్దు అంచులో కూడా కొలత శుద్ధంగా రావాలని ఇంకాస్త కింద నుంచే స్వరం మొదలుపెడతాయి. ఆ సంగతి మనసులో ఉంచుకుని అంకె వేసుకోవాలి.

మూడోది తీగలు కలిపే వరుస. అందరూ నిర్లక్ష్యం చేసేది దీన్నే, నా లెక్కలో ఎక్కువ ట్వీటర్లను తినేదీ ఇదే. యాంప్లిఫయరు ఇన్‌పుట్‌లో ఆర్‌సీఏ ప్లగ్గును గుచ్చేటప్పుడు మధ్యలో ఉన్న సూది ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న గ్రౌండు తరువాత తగులుతుంది. ఆ రెంటికీ మధ్యనున్న క్షణంలో యాంప్లిఫయరు గొంతెత్తి హమ్ చేస్తుంది. ల్యాప్‌టాప్ జాక్‌ను లాగినా, పెట్టినా ఇంతే. కనుక యాంప్లిఫయరు ఆన్‌లో ఉండగా ఇన్‌పుట్ తీగను ముట్టుకోకూడదు. యాంప్లిఫయరు అవుట్‌పుట్‌కు 8 ఓముల 10 వాట్ల వైరువౌండ్ రెసిస్టరును శాశ్వతంగా బిగించండి. ట్వీటరుకు వెళ్లే ధన తీగలో, కెపాసిటరుతో పాటు, ఇంటి గోడకు వాడే 6 ఆంపియర్ల మామూలు స్విచ్చి ఒకటి పెట్టండి. ముందు అన్ని తీగలూ కలపాలి, తరువాత యాంప్లిఫయరు ఆన్ చేసి దాని ‘ధబ్’ శబ్దం రెసిస్టరు మీద పోనివ్వాలి, అన్నిటికన్నా చివర ట్వీటరు స్విచ్చి వేయాలి. ఆపేటప్పుడు ముందుగా ట్వీటరు స్విచ్చి తీసేయాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు, ఇన్వర్టరు అందుకున్నప్పుడు యాంప్లిఫయరు చేసే ధబధబలు కూడా ఇందులోకే వస్తాయి. కరెంటు నిలకడ లేని పూట కొలతలు పెట్టుకోకపోవడమే మంచిది. ల్యాప్‌టాప్‌ను చార్జరు నుంచి విడదీసి బ్యాటరీ మీదే నడపండి. మన ఇళ్లలో రెండు పిన్నుల ప్లగ్గులు, పేరుకు మాత్రమే ఉండే ఎర్తులు కనుక, సగం హమ్ దీనితోనే పోతుంది.

ఇక వోల్టేజి ఎంత ఇవ్వాలన్నది. ట్వీటరు స్విచ్చి తీసి ఉండగా, రెసిస్టరు మీద మీటరు పెట్టి, సాఫ్ట్‌వేర్ నుంచి 100 హెర్ట్జ్ స్వరం పంపి వాల్యూమును సరిచూసుకోవాలి. 100 హెర్ట్జే ఎందుకంటే, చవక మల్టీమీటర్లు ఏసీని నమ్మకంగా కొలిచేది కొన్ని వందల హెర్ట్జ్ వరకే, 5 కిలోహెర్ట్జ్ దగ్గర అవి చూపే అంకెకు అర్థం ఉండదు. పైగా చాలా చవక మీటర్లలో ఏసీకి కనిష్ఠ రేంజి 200 వోల్టులు కావడం వల్ల ఒక వోల్టును అవి సరిగా చదవలేవు. అందుకని రెసిస్టరు మీద 5 వోల్టులు వచ్చేలా వాల్యూము పెట్టి, మీట అక్కడే వదిలి, సాఫ్ట్‌వేర్‌లోని స్థాయిని 14 డెసిబెల్స్ తగ్గించండి. అప్పుడు మీకు సరిగ్గా ఒక వోల్టు వచ్చినట్టు. 4 ఓముల మీద అది పావు వాటు మాత్రమే. ఆ 100 హెర్ట్జ్ స్వరం ఆగిపోయిందని చెవితో కాదు, కంటితో తెర మీద చూసి నిర్ధారించుకున్నాకే ట్వీటరు స్విచ్చి ముట్టుకోండి.

మైక్రోఫోను అర మీటరు దూరంలో ఉంటే నిశ్శబ్దమైన గదిలో ఒక వోల్టు ధారాళంగా సరిపోతుంది. గ్రాఫు అడుగున గది రొద కనబడితే స్థాయిని 6 డెసిబెల్స్ చొప్పున పెంచుకుంటూ పోవచ్చు, అయితే ప్రతిసారీ పాత రేఖను పక్కన పెట్టి పోల్చండి. ఇన్‌పుట్ 6 పెరిగితే రేఖ అంతటా 6 పెరగాలి. ఎక్కడైనా 5 మాత్రమే పెరిగిందంటే పొర అలసిపోతోందని అర్థం, అక్కడే ఆగాలి. గ్రాఫు కింది కొసలో డిస్టార్షన్ చటుక్కున లేచినా అంతే.

కంప్యూటరులోని మిగతా శబ్దాలన్నీ మూసేయడం మరవకండి. కొలత మధ్యలో వచ్చే ఒక సందేశపు ‘టంగ్’లో మంద్ర స్వరాలు ఉండవచ్చు. మైక్రోఫోను ధ్వనిని తిరిగి స్పీకరులోకి పంపే మానిటరింగ్ సదుపాయం ఆన్‌లో ఉంటే చెవులు గింగురుమనే ఫీడ్‌బ్యాక్ కూడా రావచ్చు. ఈ తంతంతా మొదట ఒక పాత కాగితపు కోన్ స్పీకరు మీద చేసి, అన్నీ అనుకున్నట్టు జరుగుతున్నాయని చూశాకే మీ కొత్త ట్వీటరును కలపండి. ఫ్యూజు పెడితే చాలదా అని కొందరు అడుగుతుంటారు. ఫ్యూజు కరిగే లోపు పొర చాలాసార్లు అయస్కాంతాన్ని కొట్టుకుని వస్తుంది. అది ఉంటే మంచిదే గాని, కెపాసిటరుకు బదులు మాత్రం కాదు.

మరొక జాగ్రత్త చేతులకు సంబంధించినది. ఈ ట్వీటర్లలోని నియోడిమియం అయస్కాంతాలు స్క్రూడ్రైవరును చేతిలోంచి లాక్కుంటాయి. అది ముందుభాగపు సందుల్లోంచి దూరితే పొర చిరిగిపోతుంది. ఇనుప రజను ఉన్న బల్ల మీద ట్వీటరును బోర్లించవద్దు. దుమ్ము పడిందని నోటితో ఊదవద్దు.

ప్రశ్న: నా దగ్గరున్నది రిబ్బన్ ట్వీటరు, వెనుక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంది. పెట్టె మీద 8 ఓములని రాసి ఉంటే, మీటరు అర ఓము కూడా చూపడం లేదు. ఇది షార్టయినట్టేనా? మా ఊరి రేడియో మెకానిక్ 9 వోల్టుల బ్యాటరీ తగిలించి చూద్దామంటున్నాడు. — పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: దయచేసి ఆ బ్యాటరీని జేబులోనే ఉంచుకోమనండి. మీ ట్వీటరు నిక్షేపంగా ఉండే అవకాశమే ఎక్కువ.

బరంపురం పాఠకుడి ట్వీటర్‌లో ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం దారి పొడుగ్గా చుట్టుకుని ఉంటుంది కనుక దానికి 4 ఓముల నిరోధం సహజంగానే వస్తుంది. అసలు రిబ్బన్‌లో ప్లాస్టిక్ ఉండదు. ముడతలు పెట్టిన ఒకే ఒక్క అల్యూమినియం రేకు అటు డయాఫ్రమ్‌గానూ, ఇటు తీగగానూ పనిచేస్తుంది. 1920లలో జర్మనీలో వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాఖ్ రూపొందించిన ఏర్పాటు మూలంలో ఈనాటికీ మారలేదు. ఆ రేకు నిరోధం ఓములో ఏ పదోవంతో ఉంటుంది. దాన్ని నేరుగా తగిలిస్తే ఏ యాంప్లిఫయరూ తట్టుకోలేదు కనుక మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, సంగీతపు పౌనఃపున్యాల దగ్గర 8 ఓములుగా కనబడేలా చేస్తారు. మీ మీటరు కొలిచేది డీసీతో. డీసీకి ఎదురయ్యేది ట్రాన్స్‌ఫార్మరు రాగి తీగ ఒక్కటే. చవక మీటరు తీగల సొంత నిరోధమే ఇంచుమించు అంత ఉంటుంది.

బ్యాటరీ పరీక్ష కాగితపు కోన్ స్పీకర్లకు తరతరాలుగా పనికొచ్చిన పద్ధతే, దాన్ని నేను తీసిపారేయను. అయితే ఇక్కడ బ్యాటరీ దాదాపు షార్టులోకి కరెంటు పోస్తుంది. తగిలించిన క్షణంలో రేకుకు ఒక కుదుపు, తీసేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మరులో నిలిచిన అయస్కాంతశక్తి వదిలేటప్పుడు ఇంకొక కుదుపు తగులుతాయి. ఒక్కసారి సాగిన రేకు మళ్లీ బిగుసుకోదు. అదే కారణంగా యాంప్లిఫయరు అవుట్‌పుట్‌లో నిలకడగా ఉండే డీసీని కూడా మీరు కొలుచుకోవాలి. 30 మిల్లీవోల్టులు మామూలు స్పీకరుకు ఒక లెక్క కాదు గాని, 0.3 ఓముల ట్రాన్స్‌ఫార్మరు గుండా అవి 100 మిల్లీ ఆంపియర్లను పారిస్తాయి. కెపాసిటరు ఉంటే ఈ బెడద లేదు.

రేకు తెగిందో లేదో తెలుసుకోవాలంటే, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోను అవుట్‌పుట్ నుంచి 100 ఓముల రెసిస్టరు ద్వారా 1 కిలోహెర్ట్జ్ పైన ఇంపిడెన్స్ (ఏసీకి ఎదురయ్యే నిరోధం) స్వీప్ చేయండి. అక్కడ పారే కరెంటు కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించదు. గ్రాఫులో 8 ఓముల దగ్గర చదునైన భాగం కనబడితే మీ రేకు క్షేమం. ఏ టెర్మినలు ధనమో తేల్చుకోవడానికి కూడా బ్యాటరీ అక్కరలేదు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌తో పాటు సాఫ్ట్‌వేర్ చూపే ఇంపల్స్ రేఖలో మొదటి శిఖరం పైకి లేచిందా, కిందికి దిగిందా అని చూస్తే తెలుస్తుంది. మీ మైక్రోఫోను వరుస తిరగబడలేదని ముందు తెలిసిన స్పీకరుతో చూసుకుంటే చాలు.

ఒక మాట అదనంగా. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రిబ్బన్‌కు కెపాసిటరు విలువ పైన చెప్పిన లెక్క ప్రకారం పూర్తిగా తేలదు. ట్రాన్స్‌ఫార్మరు ఇండక్టెన్సు, కెపాసిటరు కలిసి ఒక చోట అనునాదం చేయవచ్చు. విలువ మరీ పెద్దదైతే సరిగ్గా రేకుకు గిట్టని పౌనఃపున్యాల దగ్గరే వోల్టేజి ఉబ్బుతుంది. అందుచేత తయారీదారు చెప్పిన క్రాసోవరు హద్దుకు దగ్గరగా ఉండే చిన్న విలువతోనే కొలత ఆరంభించండి.

ప్రశ్న: పెళ్లిళ్లకు మైకు సెట్టు అద్దెకిచ్చే వ్యాపారం మాది. హాలులో పెట్టే స్పీకర్లకు ప్లానార్ ట్వీటర్లు వేయించాం. కెపాసిటరుతో కొలిస్తే గ్రాఫు 2 కిలోహెర్ట్జ్ దగ్గర వంగిపోతోంది. ఇది ట్వీటరు లోపమా, కెపాసిటరు చేసినదా? కెపాసిటరు లేకుండా ఒక్కసారి కొలిస్తే ప్రమాదమా? — గుణుపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కెపాసిటరును తీయకుండానే దాని వాటాను విడదీయవచ్చు. హద్దు పౌనఃపున్యం దగ్గర అది 3 డెసిబెల్స్ తగ్గిస్తుంది, దానికి రెట్టింపు దగ్గర సుమారు 1 డెసిబెల్, నాలుగింతల దగ్గర పావు డెసిబెల్. 1,100 హెర్ట్జ్ హద్దుతో కొలిస్తే 2,200 దగ్గర ఒక డెసిబెల్, 4,400 పైన లెక్కలోకి రానంత. మీ గ్రాఫు అంతకన్నా ఎక్కువ వంగితే ఆ మిగతాది ట్వీటరుదే. సినిమా హాలు స్పీకర్లలోని డోమ్‌లకు, హారన్‌లకు ఈ లెక్క ఇంత కచ్చితంగా కుదరదు, ఎందుకంటే వాటి ఇంపిడెన్సు అనునాదం దగ్గర కొండలా లేస్తుంది. పొర రకం ప్లానార్ల ఇంపిడెన్సు గీత గీసినట్టు చదునుగా ఉంటుంది కనుక కాగితం మీద వేసిన లెక్క కొలతకు అతుకుతుంది. ఈ ట్వీటర్లు మనకు చేసే మేలు ఇదొకటి.

లెక్క వద్దు, కొలిచే తీసేయాలనుకుంటే, సౌండు కార్డు రెండో ఇన్‌పుట్‌ను కెపాసిటరు దాటాక ట్వీటరు టెర్మినల్స్ దగ్గర కలిపి, దాన్నే ఆధారంగా తీసుకోమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పవచ్చు. అప్పుడు కెపాసిటరు, యాంప్లిఫయరు రెండూ లెక్కలోంచి తప్పుకుంటాయి. అయితే నేరుగా కలిపితే సౌండు కార్డు కాలిపోవచ్చు. 10 కిలో ఓములు, 1 కిలో ఓము రెసిస్టర్లతో వోల్టేజిని పదకొండో వంతుకు దించి ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. ఈరోజుల్లో దొరికే చిన్న క్లాస్-డి బోర్డుల్లో చాలావాటికి స్పీకరు ఋణ టెర్మినల్ గ్రౌండు కాదు, రెండు టెర్మినల్స్ మీదా వోల్టేజి ఉంటుంది. దానికి సౌండు కార్డు గ్రౌండు తగిలిస్తే యాంప్లిఫయరును మీ చేత్తో మీరే షార్టు చేసినట్టు. అన్నీ ఆఫ్‌లో ఉండగా ఇన్‌పుట్ ఆర్‌సీఏ బయటి వలయానికీ స్పీకరు ఋణ టెర్మినల్‌కూ మధ్య ఓములు కొలవండి. సున్నాకు దగ్గరగా లేకపోతే ఈ పద్ధతి జోలికి పోకండి, కాగితం లెక్కే చాలు.

కెపాసిటరు లేకుండా ఒక్కసారి అంటారా, ఆ ఒక్కసారికే యాంప్లిఫయరు తన్నదని పూచీ ఇచ్చేవారు ఉంటే అలాగే చేయండి. పావు డెసిబెల్ కోసం నేనైతే చేయను.

ప్రశ్న: గదిలో కొలిస్తే గ్రాఫంతా పళ్ల దువ్వెనలా వస్తోంది. పక్క వీధిలో మగ్గాల చప్పుడు కూడా ఉంది. మేడ మీదికి తీసుకుపోయి కొలవనా? — బరంపురం పాఠకురాలు

జవాబు: మేడ మీదికి వద్దండి. గోపాలపురం వైపు నుంచి మధ్యాహ్నాలు వీచే గాలి రేకును, పొరను ఊపేస్తుంది. రిబ్బన్ రకమైతే ఒక గట్టి విసురుకే ముడతలు పోయి సాగిపోవచ్చు. గాలి మైక్రోఫోనుకు కూడా మంద్రమైన రొదను తెస్తుంది. ట్వీటరుకు కావలసిన పౌనఃపున్యాలకు మామూలు గది పుష్కలంగా చాలు.

మీ గ్రాఫులోని పళ్లు నేల నుంచి, కప్పు నుంచి, బల్ల మీది నుంచి తిరిగివచ్చే ధ్వనివి. అవి నేరుగా వచ్చే ధ్వని కన్నా ఆలస్యంగా చేరతాయి కనుక, అవి చేరకముందే కొలతను కత్తిరించేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పవచ్చు. మీ కప్పు పదడుగుల ఎత్తు అనుకుంటే, ట్వీటరును మైక్రోఫోనును రెంటినీ నేల నుంచి మీటరున్నర ఎత్తులో, ఒకదానికొకటి మీటరు దూరంలో పెట్టండి. నేలను తాకి వచ్చే ధ్వని సుమారు 2.16 మీటర్లు ఎక్కువ ప్రయాణం చేయాలి. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది కనుక ఆ ఆలస్యం 6 మిల్లీసెకన్ల పైచిలుకు. 5 మిల్లీసెకన్ల దగ్గర కత్తిరిస్తే, గ్రాఫులో 200 హెర్ట్జ్ కన్నా దగ్గరదగ్గరగా ఉండే వివరం పోతుంది. 2 కిలోహెర్ట్జ్ పైన చూసేవారికి దానితో నష్టం లేదు. గోడలు, బీరువాలు కూడా మీటరున్నర దూరంగానే ఉండాలి. ఫ్యాను రెక్కల కింద పెట్టవద్దు, ఫ్యాను తిరుగుతూ అసలే ఉండకూడదు. ట్వీటరును వట్టిగా స్టూలు మీద నిలబెట్టకుండా, ముఖం పలకతో సమంగా ఉండేలా వెడల్పాటి ప్లైవుడ్ పలకలో బిగించండి. ల్యాప్‌టాప్‌ను, మిమ్మల్ని మైక్రోఫోను వెనుకకు జరుపుకోండి.

మగ్గాల చప్పుడుకు భయపడనక్కరలేదు. ఏంజెలో ఫరీనా 2000లో వివరించిన లాగరిథమిక్ స్వీప్ పద్ధతినే ఈనాటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాడుతున్నాయి. దానిలో స్వరం ఎడతెగకుండా ఎక్కుతూ పోతుంది, ఆ క్షణాన వినవలసిన స్వరంతో పొందిక లేని శబ్దం లెక్కలో చెదిరిపోతుంది. ఇంకా రొద మిగిలితే వాల్యూము పెంచేకన్నా స్వీప్ నిడివిని రెట్టింపు చేయండి. దానితో 3 డెసిబెల్స్ కలిసివస్తాయి, పొర కదలిక మాత్రం ఒక్క మైక్రాను కూడా పెరగదు. సన్నని ట్వీటర్ల విషయంలో ఇంతకన్నా చవకైన బేరం ఉండదు. అయినా భోజనాల వేళ మగ్గాలు ఆగినప్పుడు కొలవగలిగితే మరీ మేలు.

స్వీప్ నడిచేటప్పుడు పిల్లలను గదిలోంచి పంపేయండి. పెద్దలకు వినబడని 16, 18 కిలోహెర్ట్జ్ స్వరాలు వాళ్లకు గుచ్చుకుంటాయి. ట్వీటరు ముందు చెవి పెట్టి ‘వస్తోందా’ అని చూడటం ఎవరికీ తగదు.

ప్రశ్న: మైక్రోఫోను స్టాండు రెండంగుళాలు కిందికి జారితే 10 కిలోహెర్ట్జ్ పైన గ్రాఫు మారిపోయింది. మైక్రోఫోను చెడిందా? — రాయగడ పాఠకుడు

జవాబు: లేదు, ట్వీటరు స్వభావమే అది. 10 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు. మీ పొర ఎత్తు 10 సెంటీమీటర్లయితే, దాని పైభాగం నుంచి, కిందిభాగం నుంచి వచ్చే ధ్వనులు నిలువుగా 20 డిగ్రీల పక్కన ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 డిగ్రీలకే ఆ పని జరుగుతుంది. అర మీటరు దూరంలో రెండంగుళాలంటే దాదాపు 6 డిగ్రీలు. అడ్డంగా పొర సన్నం కనుక ఆ దిశలో ఇంత తేడా రాదు. ట్వీటరు నడిమధ్యకు ఎదురుగా దారం కట్టి చూసి మైక్రోఫోను ఎత్తును సరిచేసుకోండి. పొడవాటి పొరలకు దూరాన్ని మీటరుకు పెంచండి, ఎందుకంటే మరీ దగ్గర నుంచి కొలిస్తే పైకొసలో దొరికే ఆకారం శ్రోత వినే ఆకారం కాదు. మైక్రోఫోనుతో వచ్చిన కాలిబ్రేషన్ ఫైలు ఎదురుగా గురిపెట్టినప్పటిదా, నిలువుగా పైకి చూపినప్పటిదా అన్నది కూడా చూడండి. ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తే తేడా అంతా 10 కిలోహెర్ట్జ్ పైనే బయటపడుతుంది, పాపం ట్వీటరుకు చెడ్డపేరు వస్తుంది.

ప్రశ్న: మా దగ్గరున్న పాత ఎలెక్ట్రోస్టాటిక్ ప్యానెల్‌ను కూడా ఇలాగే కొలవవచ్చా? మడతల పొర ఉన్న ట్వీటరు సంగతేమిటి? — జయపురం పాఠకుడు

జవాబు: మడతల పొర ట్వీటరు, అంటే 1970ల ఆరంభంలో ఆస్కర్ హైల్ ప్రవేశపెట్టిన రకం, విద్యుత్తు దృష్టిలో ప్లానార్‌కు దగ్గరి చుట్టమే. పైన చెప్పిన కెపాసిటరు, స్విచ్చి, స్వీప్ హద్దులు యథాతథంగా వర్తిస్తాయి.

ఎలెక్ట్రోస్టాటిక్ వేరు. అక్కడ ప్రమాదం ప్యానెల్‌కు కాదు, మీకు. దాని పొరకు వేల వోల్టుల బయాస్ ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ చార్జి కొంతసేపు నిలిచి ఉంటుంది. వెనుక మూత తెరవకుండా, కాళ్లకు పొడి చెప్పులతో, మైక్రోఫోను స్టాండును ప్యానెల్ జాలికి తగలనంత దూరంలో పెట్టి కొలవండి. దాని ఇంపిడెన్సు పౌనఃపున్యం పెరిగేకొద్దీ పడిపోతూ, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి రెండు ఓములకు కూడా దిగవచ్చు. అందుచేత 4 ఓముల ట్వీటరుకు వేసిన కెపాసిటరు లెక్క దానికి పనికిరాదు. చిన్న యాంప్లిఫయరు అయితే పైస్వరాల దగ్గర అలసిపోయి రక్షణలోకి వెళ్లిపోతుంది. మూత తెరవవలసిన పని ఏదైనా ఉంటే, హై వోల్టేజి సరంజామా అలవాటున్న టెక్నీషియను దగ్గరే చేయించండి.